నొప్పి పోయింది, మరి రాయి పోయిందా?



ధ్యాన భాగములు: కీర్తన 139:13, యిర్మీయా 17:10, లూకా 17:12-19. ముందుగా బైబిలు తెరిచి ఈ మూడు భాగాలు చదువుకొని, ఆ తర్వాత కింది మాటలు చదవండి.

ఎండలు ముదిరాయంటే మా దగ్గరికి వచ్చే ప్రార్థన మనవులలో ఒకటి ఎక్కువవుతుంది. "అయ్యగారూ, నడుం పక్కన ఒకటే పోటు. కిడ్నీల రాయి అంటున్నరు. ప్రార్థన చేయండ్రి." నల్లగొండ వైపు పత్తి చేలల్లో పనిచేసే అక్కలు, పాలమూరు వైపు నుండి కాలువ పనులకు, రోడ్డు పనులకు వలస పోయి వచ్చిన తమ్ముళ్లు ఇలా అడుగుతుంటారు. కారణం పెద్ద మర్మమేమీ కాదు. ఎండలో చెమట ధారగా పోతుంది, తాగే నీళ్లు దానికి చాలవు, మూత్రం చిక్కబడుతుంది, అందులోని ఉప్పులు పేరుకొని రాయిగా మారతాయి. చేను దగ్గర మరుగు లేక మన అక్కచెల్లెళ్లు పొద్దంతా గొంతు తడుపుకోకుండా ఉంటారు. ఇది సిగ్గుపడి దాచుకునే మాట కాదు కాబట్టే ఇక్కడ రాస్తున్నాం.

ప్రార్థన చేస్తాం. చాలాసార్లు నొప్పి తగ్గుతుంది. తర్వాత ఒక ప్రశ్న వస్తుంది: "నొప్పి పోయింది గదా అయ్యగారూ, మళ్ల స్కాన్ ఎందుకు? స్కాన్ తీయించుకుంటే ప్రభువు మీద నమ్మకం లేనట్టు గాదా?" ఈ ప్రశ్న మంచి మనసుతో అడిగేదే. కానీ దీనికి తప్పు జవాబు చెప్పుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ వారం దీన్నే ధ్యానిద్దాం.

బైబిలులో కిడ్నీలు

మన తెలుగు బైబిలులో "అంతరింద్రియములు" అనే మాట తరచుగా కనిపిస్తుంది. మనసు, ఆలోచన అని అర్థం చేసుకుంటాం, అది తప్పు కాదు. అయితే కీర్తన 139:13లోనూ, యిర్మీయా 17:10లోనూ ఆ చోట ఉన్న హీబ్రూ మాట "కెలాయోత్". దాని అసలు అర్థం కిడ్నీలే. లేవీయకాండము 3వ అధ్యాయంలో సమాధానబలి గురించి చదివేటప్పుడు కొవ్వుతో పాటు బలిపీఠం మీద దహించవలసిన రెండు మూత్రగ్రంథులు వస్తాయి కదా, అక్కడా ఇదే మాట. యోబు తన బాధలో దేవుని బాణాలు తన మీద పడ్డాయని మొరపెట్టినప్పుడు, 16:13లో, చీల్చబడ్డాయని చెప్పినవి కూడా ఇవే.

ఎందుకు కిడ్నీలు? శరీరంలో అవి చాలా లోపల ఉంటాయి. కడుపు ముందు నుంచి నొక్కితే అందవు, వీపు వైపు కండల కింద, కొవ్వు పొరల మధ్య దాగి ఉంటాయి. బలి పశువును కోసేవానికి కూడా చివరగా బయటపడే భాగాలలో అవి ఉంటాయి. కాబట్టి మనిషిలో ఎవరికీ కనబడని చోటికి ఆ మాటనే పేరుగా పెట్టుకున్నారు. దావీదు తన కిడ్నీలను దేవుడే చేశాడని చెబుతున్నాడు. యిర్మీయా ప్రవక్త ద్వారా దేవుడు ఆ మరుగు చోటును తానే పరీక్షిస్తానని చెబుతున్నాడు. మనుషులు మాత్రం వేల ఏళ్లపాటు బతికి ఉన్నవాని కిడ్నీని కోయకుండా చూడలేకపోయారు.

ఒక రైతు ఇంటి కుర్రవాని ఆలోచన

1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనుగొన్నాడు. లోపలి ఎముకను చూడగలిగాం. కానీ ఎక్స్‌రే ఒక నీడ లాంటిది. ముందు ఉన్నదీ వెనుక ఉన్నదీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే బొమ్మలో కలిసిపోతాయి. దీపం ముందు చేయి పెడితే గోడ మీద పడే నీడను చూసి అరచేతిలో ఏముందో చెప్పగలమా?

ఈ చిక్కును విప్పినవారిలో ఒకాయన ఇంగ్లాండులో రైతు కుటుంబంలో పుట్టిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్. యూనివర్సిటీ డిగ్రీ లేదు, ఇంజనీరింగ్ కాలేజీలో డిప్లొమా మాత్రమే. పనిచేసింది ఈఎంఐ అనే కంపెనీలో. పాటల రికార్డులకు పేరుపడిన కంపెనీ అది. మూసి ఉన్న పెట్టెను ఒక వైపు నుండి కాక చుట్టూరా అన్ని కోణాల నుండి ఎక్స్‌రేలతో కొలిస్తే, ఆ లెక్కలన్నీ కలిపి లోపల ఏముందో తెలుసుకోవచ్చు కదా అన్నది ఆయన ఆలోచన. 1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మెదడులో గడ్డ ఉందని అనుమానించిన ఒక స్త్రీకి మొదటి సీటీ స్కాన్ తీశారు. ఇదే లెక్కను వేరుగా, ముందుగానే సాధించిన అలన్ కార్మాక్‌తో కలిపి ఆయనకు 1979లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

సీటీ స్కాన్ అంటే ఇంతే. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి పెద్ద ఉంగరం లాంటి యంత్రం గుండా జరుపుతారు. ఎక్స్‌రే గొట్టం చుట్టూ తిరుగుతుంది, కంప్యూటరు లెక్క కడుతుంది, బ్రెడ్డును ముక్కలుగా కోసినట్టు శరీరాన్ని కోయకుండానే ఒక్కొక్క పొరగా చూపిస్తుంది. ఆ బొమ్మలో ప్రతి చుక్కకూ ఒక సంఖ్య ఉంటుంది. దానికి హౌన్స్‌ఫీల్డ్ పేరే పెట్టారు. గాలికి మైనస్ 1000, నీటికి సున్న. ఎముక, రాయి వంటి గట్టి వస్తువులు నీటికి చాలా పైన, వందల్లో ఉంటాయి. రాయి సంఖ్యను బట్టి అది ఎంత గట్టిదో డాక్టరు అంచనా వేస్తాడు. నీటిని ఆధారం చేసుకొని రాయిని కొలిచే కొలత అది. నీళ్ల కోసం ఇంతగా తపించిన మన జిల్లాలవారికి ఈ సంగతి గుర్తుండిపోతుంది.

ఏ పరీక్ష దేనికి?

సంఘంలో చాలామందికి స్కాన్ అంటే ఒకటే. అలా కాదు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతున్నాం. ఏది చేయాలో నిర్ణయించేది డాక్టరే. మీరు భయపడకుండా ఉండటానికి మాత్రమే ఇది.

సాధారణంగా ముందు చేసేది అల్ట్రాసౌండ్. అందులో రేడియేషన్ ఉండదు, ఖర్చు తక్కువ, గర్భిణీ స్త్రీలకు ముందుగా చేసేది ఇదే. కిడ్నీ ఉబ్బిందా లేదా చక్కగా చూపిస్తుంది. కానీ కిడ్నీ నుండి మూత్రసంచికి వచ్చే సన్నని గొట్టం మధ్యలో ఇరుక్కున్న రాయి పేగుల గాలి వెనుక దాక్కొని దానికి దొరకకపోవచ్చు. మామూలు ఎక్స్‌రేలో కాల్షియం రాళ్లు కనబడతాయి, యూరిక్ యాసిడ్ రాళ్లు కనబడవు. మందు ఎక్కించకుండా తీసే సీటీలో దాదాపు అన్ని రకాల రాళ్లూ తెలుస్తాయి. ఎక్కడ ఉంది, ఎన్ని మిల్లీమీటర్లు, దాని వెనుక కిడ్నీ ఎంత ఉబ్బింది అన్నీ కొద్ది నిమిషాల్లో తేలిపోతాయి. 1990ల మధ్య నుండి ఈ పద్ధతి వ్యాపించింది. అంతకుముందు ఐవీపీ అని నరానికి మందెక్కించి వరుసగా ఎక్స్‌రేలు తీసేవారు. మన పెద్దవాళ్లలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

మూత్రంలో రక్తం పడితే, గడ్డ అనుమానం ఉంటే, అయోడిన్ కలిసిన మందు నరానికి ఎక్కించి సీటీ తీస్తారు. ఎక్కించేటప్పుడు ఒళ్లంతా వేడెక్కినట్టు అనిపిస్తుంది, కంగారు పడవద్దు. దానికి ముందు క్రియాటినిన్ పరీక్ష అడిగితే విసుక్కోవద్దు, కిడ్నీ బలహీనంగా ఉందేమో చూసుకోవడానికే. షుగరు మాత్రలు వేసుకుంటున్నా, ఇంతకుముందు ఏదైనా మందు పడకపోయినా తప్పక చెప్పండి. ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సరు అనుమానం ఉన్న పెద్దవారికి ఎంఆర్‌ఐ చేస్తారు. అది అయస్కాంతంతో పనిచేస్తుంది, ఎక్స్‌రే ఉండదు, చప్పుడు మాత్రం గట్టిగా ఉంటుంది. గుండెకు పేస్‌మేకర్ గానీ ఒంట్లో ఇనుప ముక్క గానీ ఉంటే ముందే చెప్పాలి.

సీటీలో రేడియేషన్ ఛాతీ ఎక్స్‌రే కంటే చాలా రెట్లు ఎక్కువ. కాబట్టి అవసరం లేకుండా మాటిమాటికీ తీయించుకోకూడదు. పాత ఫిల్ములు, రిపోర్టులు ఇంట్లో జాగ్రత్తగా ఉంచి కొత్త డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అవసరమైనప్పుడు భయపడి మానుకోవడం కూడా జ్ఞానం కాదు.

నొప్పి ఆగినప్పుడు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మా సంఘంలో ఒక పెద్దమనిషికి కుడి పక్క నొప్పి వచ్చింది. ఊళ్లో సూది వేయించుకున్నాడు, కొండపిండాకు కషాయం తాగాడు, సంఘం ప్రార్థన చేసింది. నాలుగు రోజులకు నొప్పి పోయింది. ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పాడు, మేమందరం దేవునికి స్తోత్రం చెల్లించాం. ఆ మధ్యాహ్నమే మేము, "అన్నా, ఒకసారి స్కాన్ తీయించుకో" అని చెప్పాం. ఆయన నవ్వి, "సాక్ష్యం చెప్పి మళ్ల దవాఖానకు పోతే మంది ఏమనుకుంటరు అయ్యగారూ?" అన్నాడు. మా ఇంట్లో అమ్మగారు కూడా ఆయన భార్యకు రెండుసార్లు చెప్పారు. నెలలు గడిచాయి. ఒళ్లు నీరసం, ఆకలి మందం. కొడుకు హైదరాబాదు నుండి వచ్చి బలవంతంగా తీసుకెళ్లాడు. సీటీలో రాయి గొట్టంలో అక్కడే ఇరుక్కొని ఉంది. దాని వెనుక కిడ్నీ నీటి సంచిలా ఉబ్బి, పైన ఉండవలసిన మందమైన పొర కాగితంలా పలచబడింది. రాయి తీశారు. కానీ ఆ కిడ్నీ పోయిన బలం మళ్లీ పూర్తిగా రాలేదు. ఆయన ఇప్పుడు ఒక కిడ్నీ బలం మీదే జాగ్రత్తగా బతుకుతున్నాడు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాం. "నా పేరొద్దు గని, నా సంగతి రాయండ్రి" అన్నాడు.

డాక్టరు ఆయనకు చెప్పిన మాట మేము మరచిపోలేము. రాయి కదులుతూ గొట్టాన్ని బిగబట్టినప్పుడు నొప్పి వస్తుంది. కొన్నిసార్లు రాయి బయటకు పడిపోయి నొప్పి ఆగుతుంది. చిన్న రాళ్లు, 5 మిల్లీమీటర్ల లోపువి, చాలావరకు అలాగే పడిపోతాయి. కొన్నిసార్లు రాయి అక్కడే ఉండి కూడా నొప్పి ఆగిపోతుంది. ఒత్తిడికి కిడ్నీ అలవాటు పడి, పని తగ్గించుకొని, మౌనంగా చెడిపోతూ ఉంటుంది. బయటి నుండి చూస్తే రెండూ ఒకలాగే కనబడతాయి. తేడా చెప్పేది పరీక్ష ఒక్కటే.

మనస్సాక్షి కూడా ఇలాగే కదా ప్రియులారా? మొదటిసారి అబద్ధమాడినప్పుడు నిద్ర పట్టదు. అన్నదమ్ముని గెట్టు జరిపిన రాత్రి గుండె పోటు పెడుతుంది. కొన్నాళ్లకు ఆ నొప్పి ఉండదు. క్షమాపణ పొందినందుకు నొప్పి పోయిందా, మొద్దుబారినందుకు పోయిందా? సమాధానం ఉందని చెప్పుకోవడం వేరు, అది ఎటువంటి సమాధానమో చూపించుకోవడం వేరు. అందుకే కీర్తనకారుడు 139వ కీర్తన చివరలో తనను పరిశోధించి తెలుసుకొమ్మని తానే దేవుని అడుగుతున్నాడు.

వెళ్లి చూపించుకోండి

స్కాన్‌కు వెళ్తే అవిశ్వాసమా? లూకా 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు యేసు ప్రభువును కేకవేసి కరుణించమన్నారు. ప్రభువు వారితో చెప్పినది ఒకటే, వెళ్లి యాజకులకు చూపించుకోమన్నాడు. వెళ్తుండగా వారు శుద్ధులయ్యారు. యాజకుడు ఆ రోజుల్లో చేసే పని ఏమిటి? లేవీయకాండము 13 చదవండి. మచ్చను చూస్తాడు, అది చర్మం కంటే లోతుగా ఉందా అని చూస్తాడు, అనుమానం ఉంటే ఏడు రోజులు విడిగా ఉంచి మళ్లీ చూస్తాడు, ఇంకా తేలకపోతే మరో ఏడు రోజులు. యాజకుడు బాగుచేయడు, చూసి తేల్చి చెబుతాడు. ఇప్పుడు రిపోర్టు రాసే రేడియాలజీ డాక్టరు పని అటువంటిదే.

స్వస్థపరచినవాడు యేసు. అయినా ఆయనే పరీక్షకు పంపించాడు. దేవుడు నిజంగా చేసిన కార్యానికి పరీక్ష వల్ల నష్టమేమీ లేదు, అది బలమైన సాక్ష్యమవుతుంది. పరీక్షకు భయపడే సాక్ష్యం గురించే మనం ఆలోచించాలి. హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు ఆయన ఆయుష్షుకు 15 సంవత్సరాలు కలిపాడు, అదే సందర్భంలో పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా చెప్పాడు. ప్రార్థనా, మందూ ఒకే గదిలో ఉన్నాయి.

మన జిల్లా చరిత్ర కూడా ఇదే నేర్పుతుంది. నల్లగొండ పల్లెల్లో నడుములు వంగిపోయి, కాళ్లు వంకరపోయిన మన పెద్దలను చూసి శాపమనీ కర్మ అనీ అనుకున్నవారు ఉన్నారు. నీళ్లను పరీక్షించారు, ఎముకలను ఎక్స్‌రే తీశారు, ఫ్లోరైడు అని తేలింది. ఒంట్లోకి వచ్చిన ఫ్లోరైడును బయటకు పంపే పని కూడా కిడ్నీలదే. తేలిన తర్వాతే కదా పటిక, సున్నం వేసి నీటిని శుద్ధిచేసే పద్ధతిని 1970లలో నీరీ సంస్థ తయారుచేసింది. దానికి ప్రపంచమంతటా మన ఊరి పేరే, నల్లగొండ పద్ధతి. ఆ తర్వాత కృష్ణా నీళ్లు ఊళ్లకు వచ్చాయి. ఆ పరీక్ష జరగకుండా ఉంటే ఇంకా ఎన్ని తరాలు వంగిపోయేవో.

స్కాన్ చేయలేనిది

అయితే ఒక మాట. స్కాన్ చూపిస్తుంది, బాగుచేయదు. ఎంత మంచి సీటీ అయినా ఒక్క ఇసుక రేణువంత రాయిని కూడా తీయలేదు. బల్ల మీద నుండి లేచినప్పుడు రాయి ఎక్కడిదక్కడే ఉంటుంది. ఫిల్ము తెచ్చి గోడకు వేలాడదీస్తే రోగం పోదు. రోమా పత్రిక 3:20లో అపొస్తలుడైన పౌలు ధర్మశాస్త్రం గురించి చెప్పేది ఇదే. దానివల్ల పాపం ఏమిటో తెలుస్తుంది, కానీ దాని క్రియలవల్ల ఎవరూ నీతిమంతులు కారు. వాక్యం మన లోపలి రాయిని చూపించినప్పుడు, "అవును, ఉంది" అని ఒప్పుకొని ఇంటికి వెళ్లిపోతే చాలదు. చూపించినవాని దగ్గరికే, తీసివేయగలవాని దగ్గరికే రావాలి. పదిమందిలో తొమ్మిదిమంది పరీక్షలో నెగ్గి ఇంటికి పోయారు, ఒక్కడు తిరిగివచ్చి ప్రభువు పాదాల మీద పడ్డాడు. రిపోర్టు నార్మల్ అని వచ్చినవారు కూడా ఆ ఒక్కనిలా తిరిగి రావాలి.

మరొకటి. ఒకే వైపు నుండి తీసిన నీడతో మనిషిని తేల్చవద్దు. ఒక అక్క సంఘానికి రావడం మానేసిందంటే వెంటనే విశ్వాసం చల్లారిందంటాం. చుట్టూ తిరిగి చూస్తే ఇంట్లో అప్పు, ఒంట్లో జబ్బు, బయటకు చెప్పుకోలేని బాధ కనబడతాయి. యంత్రమే ఒక మనిషి లోపల ఏముందో చెప్పడానికి చుట్టూ తిరుగుతుంటే, మనం గుమ్మం దగ్గర నిలబడి తీర్పు చెప్పవచ్చా?

మా మనవులు

మూత్రంలో రక్తం ఒక్కసారి పడినా, నొప్పి లేకపోయినా, తర్వాత తగ్గిపోయినా డాక్టరుకు చూపించండి. ముఖ్యంగా బీడీ, సిగరెట్ తాగే అన్నలు. మూత్రసంచి క్యాన్సరుకు పొగ పెద్ద కారణం. నొప్పి లేదని ఊరుకొని ఆలస్యంగా వెళ్లిన ఒక సహోదరుని మేము సమాధి చేశాం. ఆయన పిల్లలు ఇంకా చిన్నవాళ్లు.

నడుం పక్క నొప్పితో పాటు చలిజ్వరం వస్తే తెల్లారేదాకా ఆగవద్దు. మూత్రం ఆగిన కిడ్నీలో చీము చేరితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు మాకు ఫోన్ చేయండి, మేము ప్రార్థిస్తాం, కానీ బండి ఎక్కి ఫోన్ చేయండి.

నొప్పి సూదులు, మాత్రలు మీకు మీరే రోజుల తరబడి వాడవద్దు, వాటివల్లే కిడ్నీలు చెడిపోతాయి. కల్లు తాగితే, బీరు తాగితే రాయి పడిపోతుందని చెప్పేవారి మాట వినవద్దు. మంచినీళ్లు తాగండి. పనికి వెళ్లేటప్పుడు సీసా నింపుకోండి. చేల దగ్గర ఆడవాళ్లకు మరుగు కల్పించే బాధ్యత విశ్వాసులైన రైతులు తీసుకోవాలి.

డబ్బు లేదని ఆగవద్దు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెంచారు. సర్కారు దవాఖానలో ముందు అడగండి. కాగితాలు అర్థం కాకపోతే సంఘంలో చదువుకున్న పిల్లలు తోడు వెళ్లాలి. స్కాన్ గది బయట ఒంటరిగా కూర్చున్నవారి పక్కన కూర్చోవడం కూడా పరిచర్యే.

ప్రార్థించుకుందాం: పరలోకమందున్న మా తండ్రీ, మా అంతరింద్రియములను చేసినవాడవు నీవే. మాకు కనబడనివి నీకు కనబడుచున్నవి. రోగముతో ఉన్న ప్రతి బిడ్డను ముట్టుము. పరీక్షకు వెళ్లుటకు ధైర్యమును, డాక్టర్ల చేతులకు జ్ఞానమును, ఖర్చులకు మార్గమును దయచేయుము. మొద్దుబారిన మా మనస్సాక్షిని మేలుకొలిపి, మాలో ఉన్న రాయిని చూపించి, నీ కుమారుని కృపచేత తీసివేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

స్కాన్ కోసం ఎదురుచూస్తున్నవారు, రిపోర్టు చూసి భయపడుతున్నవారు మాకు తెలియజేయండి. బుధవారం ఉపవాస ప్రార్థనలో మీ మనవులు జ్ఞాపకం చేసుకుంటాం. దేవుడు మిమ్మును దీవించును గాక.